పలకల కొట్టు పక్క గుమ్మం

ఆ రోజుల్లో చావంటే నాకు భయం ఉండేది కాదు. ధైర్యం ఉండి కాదు, పరిచయం లేక. నేను ఉక్కునగరం క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మా సెక్టారులో అందరి ఇళ్లూ ఒకటే నమూనా, అందరి నాన్నలదీ ఇంచుమించు ఒకటే ఈడు. ముసలివాళ్లన్న వాళ్లు సెలవులకి ఊరెళితే కనిపించేవారు. వాళ్లలో ఎవరైనా పోతే, పిల్లలకి పరీక్షలున్నాయని మమ్మల్ని పక్కింట్లో వదిలేసి పెద్దవాళ్లు రైలెక్కేవారు. తిరిగొచ్చాక మా నాన్న గుండుతోనూ మా అమ్మ వాచిన కళ్లతోనూ కనిపించేవారు, అంతే. చావు గురించి అంత తక్కువ తెలిసిన పిల్లని తీసుకెళ్లి సరిగ్గా ఆ పక్క గుమ్మం దగ్గర కూర్చోబెట్టడం ఎవరికి తట్టిన ఆలోచనో గానీ (నాకే తట్టింది, తరవాత చెబుతాను), దాని ఫలితం ఒక ఊరు ఊరంతా అనుభవించింది.

మా అత్తవారిది గోపాలపట్నం దాటాక పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే వచ్చే చిన్న ఊరు. అక్కడివాళ్లు ఊరనే అనేవారు. మా ఆయన మాత్రం పెళ్లిచూపుల్లో టౌనని చెప్పాడు. బస్సు ఆగే కూడలిలో మా కొట్టు. మా మావగారి తాతగారు దొరల కాలంలో కట్టించారట. రాతి గోడలు, బెంగుళూరు పెంకులు, లోపల టేకు బీరువాలు. ముందు వైపు షట్టరు లేదు, నిలువు చెక్క పలకలు. పొద్దున్నే వాటిని ఒక్కొక్కటే గాడిలోంచి జరిపి తీసి గోడకి చేరవెయ్యాలి, సాయంత్రం మళ్లీ అదే వరసలో బిగించాలి. ఒకటి ముందు వెనకలైతే చివరి పలక పట్టదు. అందుకని దాన్ని పలకల కొట్టనే పిలిచేవారు, బోర్డంటూ ఎప్పుడూ లేదు. ఏజెన్సీ నుంచి పసుపు, చింతపండు బళ్ల మీద దిగిన రోజుల్లో ఆ అరుగు మీద జనం పడుకునేవారని చెప్పుకునేవారు. నేను వెళ్లేసరికి బళ్లూ లేవు, ఆ జనమూ లేరు. కానీ ఎద్దుల మెడకి కట్టే మువ్వలు, కిరసనాయిలు దీపాలకి వత్తులు, లవంగ నూనె, పొగాకు కాడలు, ఇంకెక్కడా దొరకని గొడుగు ఊచలు అక్కడ దొరికేవి. ఆ వాసన, ఇంగువా పొగాకూ పాత గోనెసంచులూ కలిసిన ఆ వాసన, ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో తగులుతుంది.

కొట్టు వెనకే ఇల్లు. అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. మా ఆయన పోర్టులో పని, తెల్లారగానే బస్సెక్కేవాడు. ఇంక మిగిలింది నేనూ, మావగారూను. మావగారు మాటలు కూడా తూకం వేసి ఇచ్చే మనిషి, అందులోనూ మొగ్గు చూపించేవారు కాదు. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, కూరలో ఉప్పు లేకపోయినా తినేసి వెళ్లేవారు. డిగ్రీ చదివి, కాలేజీలో డిబేట్లలో కప్పులు కొట్టుకొచ్చిన దాన్ని, గోడ మీద బల్లితో డిబేట్ చేసే స్థితికి వచ్చాను. చివరికి ఓ రోజు ఉండబట్టలేక, మధ్యాహ్నం మీరు నడుం వాల్చే వేళకి కొట్లో నేను కూర్చుంటానని అడిగేశాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. కొన్నాళ్లు ఆలోచించారు. (ఆ ఇంట్లో నాకో చోటుందో లేదో ఆ జవాబులోనే తేలిపోతుందని నేను మనసులో పెట్టేసుకున్నాను. కొత్త కోడళ్లు ఏ విషయాన్నీ చిన్నదిగా తీసుకోరు.) ఒకనాడు నన్ను పిలిచి, కొట్లో పక్క గోడకున్న చిన్న గుమ్మం దగ్గర నిలబెట్టి, నేను వచ్చాక ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడారు.

ఆ గుమ్మం పక్కన అరలో గోనెగుడ్డతో కట్టిన మూట ఒకటి ఎప్పుడూ ఉండేది. తెల్లగుడ్డ, పసుపు, కర్పూరం, నువ్వులు, పేలాలు, సాంబ్రాణి, కొబ్బరితాడు, మనిషి పోయిన ఇంటికి ముందుగా కావలసినవన్నీ అందులో సర్ది ఉండేవి. ఒక్కటే మూట. రెండోది కట్టి ఉంచితే కోరి పిలిచినట్టని ఎన్నడూ కట్టేవారు కాదు. ఒకటి గుమ్మం దాటాకే ఇంకోటి. గుమ్మం దాటింది తిరిగి లోపలికి రాకూడదు. ఇదంతా చెప్పి ఆయన గొంతు తగ్గించి అన్నారు. "ఈ గుమ్మం కాడ ఎవులైనా వచ్చి మాటాడకుండా నిలబడితే, ఏటి కావాలని అడక్కమ్మా. ఎవులని అడక్కు. మూట ఎడం సేత్తో ఇచ్చీ. రమ్మనకు, ఎల్లమనకు. ఎల్లినాక గుమ్మంలో నీళ్లు సల్లీ. ముందు గుమ్మానికి ఒక పలక ఏసీ. ఊరికి అదే కబురు."

ఎందుకు అడక్కూడదని నేను అడిగాను (అడక్కుండా ఉండలేని దాన్నే ఆయన ఆ పనికి పెట్టారు). ఆయన మూట ఉన్న అర వైపు చూసి, "ఇంట్లో మనిసి పోయినాడన్న మాట బజార్లోకొచ్చి నోటితో సెప్పుకోవాలేటమ్మా? మనమే తెలుసుకోవాల" అన్నారు. ఎంత గొప్ప పద్ధతి అనుకున్నాను. ఆ పద్ధతిని ప్రాణం పెట్టి నిలబెడతానని, మొట్టమొదటి అవకాశం రాగానే చూపిస్తానని అప్పుడే తీర్మానించుకున్నాను. తప్పంటూ ఉంటే ఆ ఉత్సాహంలోనే ఉంది. ఆ మూట విషయంలో కొత్తగా చేరినవాళ్ల ఉత్సాహం అంత మంచిది కాదు.

అవకాశం ఎండాకాలంలో వచ్చింది. మిట్టమధ్యాహ్నం దాటింది, కూడలిలో కుక్క కూడా లేదు. మావగారు లోపల కునుకు తీస్తున్నారు. పక్క గుమ్మంలో నీడ పడింది. చూస్తే ఒకతను. తలకీ గడ్డానికీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. ట్రాక్టరు నడుపుకునే మనిషి, మొహం ఎరుగుదును గానీ పేరు తెలియదు. గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మాట లేదు. నా వైపు చూసి, చెయ్యెత్తి చెంప మీద పెట్టుకుని, గొంతులోంచి ఓ మూలుగు మూలిగాడు. అంత మూగ దుఃఖం నేను అంతవరకూ చూడలేదు. నా కళ్లూ నిండిపోయాయి. అతను ఏదో చెప్పబోయాడు. వద్దు, ఏమీ చెప్పొద్దు, నాకు తెలుసు అన్నట్టు చెయ్యెత్తి ఆపాను. అరలోంచి మూట తీసి ఎడం చేత్తో అందించాను. అతను మూటని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ నోరు తెరవబోయి, బాధగా కళ్లు మూసుకుని, తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పద్ధతి తెలిసిన మనిషి అనుకున్నాను. గుమ్మంలో నీళ్లు చల్లి, ముందుకెళ్లి, ఒక పలక గాడిలో పెట్టి దింపి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. నా మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

పలక దిగిందంటే ఊరికి తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఎదురుగా టీ బడ్డీవాడు చూశాడు. మూట పట్టుకుని వెళ్తున్న మనిషిని ఇంకెవరో చూశారు. ఇద్దరూ కలిస్తే సంగతి తేలిపోయింది. అతని తల్లి చాలా నెలలుగా మంచం మీద ఉంది. ఊరంతా ఆవిణ్ని అడ్డచుట్ట మామ్మ అనేవారు. మా వైపు పాతకాలం ఆడవాళ్లు కొందరు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. ఆవిడ అందులో ఆరితేరిన మనిషి. ఆ పొగే ఊపిరితిత్తుల్ని తినేసిందని పెద్దాసుపత్రిలో చెప్పి, ఇంక ఇంటి దగ్గర సుఖంగా ఉంచుకోండని పంపేశారు. చుట్టలు ఇంట్లోవాళ్లు దాచేశారు. ఈవాళో రేపో అని అందరూ అనుకుంటున్న మనిషే, కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆడవాళ్లు పొయ్యిలార్పి, కొప్పులు విప్పుకుని, వీధి మొదట్నుంచే రాగం తీస్తూ బయలుదేరారు.

మావగారు ఆ ఏడుపులకే లేచారు. బయటికొచ్చి దిగిన పలకని చూసి, ఎవరికని అడిగారు. తల్లి పోయిందని చెప్పడానికి నోరు రాక వెక్కిళ్లు పెడుతున్న ఆ ట్రాక్టరాయన గురించి నేను ఆర్ద్రంగా వర్ణించాను. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు. "ఆడికి పన్ను నొప్పమ్మా. లవంగ నూనెకి వత్తానని పొద్దున్నే కబురెట్టినాడు" అన్నారు. అంతే అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ముందు గుమ్మం మీద ఎండ మండుతోందని నీడకి పక్క గుమ్మంలో నిలబడ్డాడు ఆ మనిషి. దవడ తెరుచుకోక మాట్లాడలేదు. (అతను తరవాత చెప్పిందేమిటంటే, పొద్దున్న వాళ్లావిడ పశువుల మందు సామాన్లేవో చెప్పి వెళ్లిందట, అవే కాబోలనుకున్నాడు. ఎడం చేత్తో ఇస్తే కోడలమ్మది ఎడమచేతి వాటమనుకున్నాడు.)

మంచం మీద ఊపిరి లెక్కపెట్టుకుంటున్న మనిషి ఇంటికి ఆ మూట పంపాను. ఆవిడ చూసి గుండె ఆగి నిజంగానే పోతే? చంపింది నేనే అవుతాను. పలకల కొట్టు చంపినట్టవుతుంది. తాతల నాడు మొదలైన ఆ పద్ధతిలో అంతవరకూ ఎన్నడూ పొరపాటు జరగలేదు. మావగారు భుజం మీద కండువా వేసుకుని, ఓ చేత్తో లవంగ నూనె సీసా పట్టుకుని, నాతో "రా" అన్నారు. పట్టపగలు ఆయన కొట్టు వదిలి నడవడం నేనెప్పుడూ చూడలేదు, ఊరూ చూసినట్టు లేదు. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. ఆయన వెనక నేను, తల వంచుకుని. పోలీసు స్టేషనుకి తీసుకెళ్తున్నట్టే ఉందా నడక.

ఈలోగా అక్కడ జరిగింది మామ్మే నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పినప్పుడల్లా కాస్త పెంచి. కొడుకు మూట తెచ్చి మంచం పక్కన పడేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడట. రహస్యంగా పొగాకు తెమ్మని ఆవిడ వాణ్ని బతిమాలి ఉంది, అదే తెచ్చాడనుకుని ముడి విప్పింది. పైన తెల్లగుడ్డ. దాని కింద కర్పూరం. ఇంకా బుర్రకెక్కేలోపే వీధిలోంచి ఏడుపులు మొదలయ్యాయి. ఒకావిడ, పస్తుల రోజుల్లో చోడి అంబలి ఊరందరికీ పోశావే అప్పా అని ఏడ్చింది. ఇంకొకావిడ, నీ చెయ్యి పడితే కాన్పు కష్టమయ్యేది కాదే అని ఏడ్చింది. మామ్మ గుడ్డ చేత్తో పట్టుకుని విన్నదట. ఏళ్ల తరబడి తనని మెచ్చుకున్న మనిషి లేదు, ఇంకాస్త విందామని ఊరుకుందట. కొడుకు గుమ్మంలోకి వెళ్లి, చేతులూపుతూ ఊఁ ఊఁ అంటున్నాడు, మాట రావడం లేదు. వాడి కళ్లనీళ్లు చూసి జనానికి ఏడుపు రెట్టింపైంది. అప్పుడు వీధి చివరి ఇంటావిడ గుమ్మంలో కూలబడి, "నీ ఇత్తడి గుండిగ నాకిత్తానన్నావు కదే అప్పా, ఇయ్యకుండా ఎల్లిపోనావే" అని రాగం అందుకుంది.

"ఎప్పుడన్నానే?" అని లోపల్నుంచి వినిపించింది.

నెలల తరబడి ఒకరు పట్టుకుంటే గానీ లేవని మనిషి తనంతట తానే లేచి, ఆ తెల్లగుడ్డ భుజాన వేసుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆడవాళ్లు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. గుండిగ అడిగినావిడ కుడితి బురదలో జారిపడితే ఎవరూ ఆగి లేపలేదట. మేం వెళ్లేసరికి వీధిలో చెప్పులు మాత్రమే ఉన్నాయి.

మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో మూట. నోట్లో చుట్ట, నిప్పు లోపలికి (ఆ గందరగోళంలో దాచిన చోటు కనిపెట్టేసింది). మావగారు వాకిట్లో నిలబడి చేతులు జోడించారు. ఆయనకి మాట రాలేదు. నిజంగానే రాలేదు. ఆవిడ ఆయన్ని అలా కాసేపు నిలబెట్టి, "ఏటి తమ్ముడా, నాను తొరగా ఎల్లాలని తొందర పడతన్నావేటి?" అంది. అంతే, నాకు ఏడుపు కట్టలు తెంచుకుంది. తప్పంతా నాదండీ, ఆయనకేం తెలియదండీ అని మా గోదావరి మర్యాదలన్నీ కలిపి ఏడ్చేశాను. ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసింది.

"ఈ గుంటేనా ఇచ్చినాది? ఏ సేత్తో ఇచ్చినావు?"

ఎడం చేత్తోనండీ అన్నాను.

"మాటాడినావేటి?"

లేదండీ. అతను మాట్లాడబోయినా ఆపేశానండీ.

"పలకేసినావా?"

వేశానండీ, నీళ్లు కూడా చల్లానండీ అన్నాను, వెక్కుతూనే.

ఆవిడ మావగారి వైపు తిరిగి, "మరింకేటి తప్పు? పిల్ల అన్నీ పద్ధతిగానే సేసినాది. సావకుండా కూకున్నది నాను" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది, దగ్గులోనే నవ్వింది. గోడవైపు తిరిగి పడుకున్న కొడుకు కూడా నవ్వబోయి దవడ పట్టుకుని కేకేశాడు. మావగారు వెళ్లి అతని నోట్లో లవంగ నూనె దూది పెట్టారు.

మూటే సమస్య. గుమ్మం దాటింది కొట్లోకి రాకూడదు. ఆ ఇంట్లో ఉంచుకోవడానికి మామ్మ కోడలు ఒప్పుకోలేదు. సముద్రంలో కలిపిస్తానని మావగారు అన్నారు. మామ్మ తల అడ్డంగా ఊపింది. "నా పేరు మీద వచ్చినాది, నా పెట్టిలోనే ఎట్టుకుంటాను. నాకంటే ముందు ఎవులికైనా కావలసొత్తే అప్పుడు సూద్దాం" అని, మంచం కిందనుంచి రేకుపెట్టె లాగి అందులో పెట్టేసింది. మావగారు తిరుగుదారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. నా పని అయిపోయిందని నాకు ఖాయమైపోయింది. ఇంక ఆ కొట్లో అడుగుపెట్టే ముఖం లేదు, మళ్లీ నేనూ గోడ మీద బల్లీనే అనుకున్నాను. మావగారు అరుగెక్కి, దిగి ఉన్న పలకని తీసి గోడకి చేరవేస్తూ, నా వైపు చూడకుండా, "రేపు నువ్వు కూకున్నప్పుడు ముందు గుమ్మం కాడ ఓ గోనెపట్టా కట్టిద్దారమ్మా. పన్ను నొప్పోలకి నీడ కావాల" అన్నారు. ఆపైన ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది. ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

మామ్మ పోలేదు. ఆ ఊపుతో లేచి తిరగడం మొదలుపెట్టింది. కొట్టుకి వచ్చేది, ఎప్పుడూ ముందు గుమ్మంలోంచే, పొగాకు కాడలు కొనుక్కుని, పోతూ పోతూ "నా మూట పదిలంగానే ఉందే అమ్మీ" అని కూడలి మొత్తానికి వినిపించేలా చెప్పేది. నాతో ఎవరైనా ఎడం చేతి మాటెత్తితే చాలు, ఊరంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మావగారు మాత్రం మామ్మ వచ్చినప్పుడల్లా చుట్ట వాసనకి మొహం తిప్పుకునేవారు. ఆయనకి పొగ గిట్టదు.

కొన్నేళ్లకి తుఫాను వచ్చింది. విశాఖవాళ్లకి ఏ తుఫానో చెప్పక్కర్లేదు. మా పెంకులన్నీ ఎగిరిపోయాయి. పలకలు గాళ్లలోంచి ఊడి ఎక్కడెక్కడికో కొట్టుకుపోయాయి. టేకు బీరువాలు బోర్లా పడి బెల్లం, చింతపండు, ఉప్పు అన్నీ ఒకే మడుగైపోయాయి. గాలి తగ్గాక మావగారు ఆ మడుగులో నిలబడి సీసాలు ఏరడం మొదలుపెట్టారు. లోపలికి రమ్మంటే రాలేదు. మర్నాడు పొద్దున్న గుండెల్లో నొప్పి అన్నారు. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చోబెట్టాను. రోడ్డు మీద చెట్లు, కరెంటు స్తంభాలు పడి ఉన్నాయి, ఫోన్లు లేవు, ఆటో కదలదు. "పలకలు దొరికినాయేటమ్మా?" అని అడిగారు. దొరికాయని అబద్ధం చెప్పాను. అన్నీనా అన్నారు. అన్నీ అన్నాను. ఆ తరవాత ఇంకేం అడగలేదు. మా ఆయన పోర్టు నుంచి పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఊరందరి ఆఖరి సామానూ ఆ కొట్లోంచే వెళ్లింది. ఆ రోజు ఆయనకి ఆ కొట్లో పొడి గుడ్డ పీలిక లేదు. అరలో ఉండాల్సిన మూట పెంకుముక్కల కింద బురదలో నాని కనిపించింది. కర్పూరం ఎప్పుడో కరిగిపోయింది. మా ఆయన దగ్గరలో ఉన్న నాలుగిళ్లూ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. ఎవరింట్లోనూ తడవని వస్తువు లేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంతమందికి ఇచ్చిన మనిషిని పాత దుప్పట్లో పంపిస్తామా అని ఆ మడుగు మధ్య నిలబడి పళ్లు కొరుక్కున్నాను.

పక్క గుమ్మంలో నీడ పడింది. ఆ గుమ్మం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. మామ్మ. నోట్లో చుట్ట లేదు. నడుం వంగిపోయి, మోకాళ్ల దాకా బురదతో నిలబడింది. ఎడం చేతిలో గోనెగుడ్డ మూట. నాకు మాట తన్నుకొచ్చింది, మామ్మా అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. వద్దు, ఏమీ చెప్పొద్దు అన్నట్టు, సరిగ్గా నేను ఆనాడు వాళ్లబ్బాయిని ఆపినట్టే. గుమ్మం దాటిన మూట లోపలికి రాకూడదన్న సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ లోపలికి రాలేదు. నేనే గుమ్మం దాటి బయటికెళ్లి అందుకున్నాను. ఎవరు, ఏమిటి అని ఆవిడ అడగలేదు. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

గుడ్డ మడత నలగలేదు. రేకుపెట్టెలో అన్నీ పొడిగా ఉన్నాయి, కాకపోతే పొగాకు వాసన పట్టేసింది. పొగ గిట్టని మా మావగారు నిలువెల్లా అడ్డచుట్ట వాసనతో వెళ్లారు. (ఆయన చూసి ఉంటే మొహం తిప్పుకునేవారే. అది తలుచుకుని అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను.) మిగతా ఊరికి కబురు తెలియాలి. వెయ్యడానికి పలక లేదు. నేనే వెళ్లి ముందు గుమ్మంలో, పలక దిగే చోట నిలబడ్డాను. దారి సర్దుకుంటున్న జనం ఒక్కొక్కరే చేతిలో పని ఆపి భుజం మీద తువ్వాలు తీశారు.

రేకుల కప్పు వేసుకుని కొట్టు నేనే నడిపాను, మామ్మ ఉన్నన్నాళ్లూ, ఆ పైన కొన్నాళ్లూ. ఆవిడ వంతు వచ్చిన రోజు కొడుకు పక్క గుమ్మంలోకి వచ్చి మాట లేకుండా నిలబడ్డాడు. నేను మొదట అతని దవడ వైపు చూశాను. వాపు లేదు. అరలోంచి మూట తీసి, ముడి కాస్త వదులు చేసి, ఓ పొగాకు కాడ లోపల పెట్టి, మళ్లీ బిగించి ఎడం చేత్తో ఇచ్చాను. ఆ తరవాత రోడ్డు వెడల్పు చేశారు. కొట్టు ముందు భాగమంతా పోయింది. మిగిలిన దాంట్లో సెల్‌ఫోను రీఛార్జీల షాపు పెట్టారు. పక్క గుమ్మాన్ని ఇటికలు పెట్టి మూసేశారు.

ఇప్పుడు మేం గాజువాకలో ఉంటున్నాం. మొన్న నాకు పన్ను పోటెత్తింది. పమిట కొంగు దవడకి చుట్టుకుని, డాక్టరు దగ్గరికి షేరాటో కోసం నిలబడ్డాను. ఎండకి తాళలేక పక్కనున్న సూపర్ మార్కెట్టు నీడలోకి జరిగాను, అది వాళ్ల పక్క తలుపని చూసుకోలేదు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి, కొత్తగా చేరినట్టుంది, బయటికొచ్చి ఏం కావాలాంటీ అంది. నాకు నోరు తెరుచుకోలేదు. కళ్లల్లో నీళ్లు. చెంప మీద చెయ్యి పెట్టుకుని మూలిగాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, మళ్లీ ఏమీ అడక్కుండా లోపలికెళ్లింది. కుడి చేతిలో ఫోను ఉందేమో, ఎడం చేత్తో ఓ నీళ్ల సీసా తెచ్చి నా ముందుకి చాపింది. నేను ఆ చెయ్యి చూసి రెండడుగులు వెనక్కి వేశాను. వద్దు తల్లీ, ఇప్పుడే కాదు అని తలూపి, గబగబా ముందు గుమ్మం వైపు నడిచి అక్కడ ఎండలోనే నిలబడ్డాను. నవ్వితే పన్ను సలుపుతోంది. ఆటో వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.